ఒక్క బెజ్జం కూడా కొత్తగా వేయకుండా

(వ్యాన్లో సైకిళ్లు నిలబెట్టి తీసుకుపోయే ఏర్పాటు గురించి అనంతపురంలో సైకిల్ తొక్కేవాళ్ల ఆదివారం కూడికలో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరులోనే రాసుకున్న పాఠం.)

అందరికీ నమస్కారం. ఉగ్గాని, బజ్జీలు అయినాక మాట్లాడమన్నారు. తిన్నాక నిద్ర వస్తుంది, మీకు కాదప్పా, నాకు. (నవ్వులు) అందుకే ముందు గండికోట సంగతి చెప్పేస్తాను. అది తల్చుకుంటే నాకు నిద్ర రాదు, కోపం వస్తుంది. నా మీద నాకే.

మూడేండ్ల కిందట నలుగురం గండికోటకు బయల్దేరినాము. ఇంటి దగ్గర నుంచే తొక్కుకుంటూ పోదామంటే తాడిపత్రి రోడ్డు మీకు తెలియంది కాదు. సిమెంటు లారీలు, బండల లారీలు. ఒక్కోటి పక్కన పోతాంటే సైకిలు అటు లాగి ఇటు వదుల్తుంది. సరే, జమ్మలమడుగు దాకా వ్యాన్లో వేసుకొని పోదాము, ఆడ దింపుకొని కోట దాకా ఉండే 15 కిలోమీటర్లు తొక్కుదాము, తెల్లారేటప్పటికి పెన్న లోయ అంచున ఉందామనుకున్నాము. నాది మారుతి ఈకో వ్యాను. వెనక సీటు మడిచినాము, ఇంట్లో పాత దుప్పట్లన్నీ తెచ్చి పరిచినాము, నాలుగు సైకిళ్లనూ ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టినాము. శవాలను పేర్చినట్టు. మా ఇంటామె వాకిట్లో నిలబడి చూసి, "దుప్పట్లకేమీ కాదులే, సైకిళ్ల సంగతి చూసుకో" అని లోపలికి పోయింది.

జమ్మలమడుగులో దించితే ఏముంది? కింద ఉన్న సైకిలు ఫ్రేము మీద పైదాని పెడలు కూర్చొని రంగు గీరేసింది. నా సైకిలు అడుగున ఉండింది, కుడి పక్క కిందికి పెట్టి. వెనక గేర్లు మార్చే డిరైల్యూరును పట్టుకునే చిన్న అల్యూమినియం ముక్క ఉంటుంది చూడండి, డిరైల్యూరు హ్యాంగరంటారు, అది ఒంగింది. ఒంగినట్టు నాకు తెలియలేదు. గండికోట ఎక్కుడులో చిన్న గేరు వేస్తిని, డిరైల్యూరు పోయి చక్రం పుల్లల్లో పడింది. టక్కుమనింది, అంతే. మిగిలిన ముగ్గురూ సూర్యోదయం చూసినారు. నేను రోడ్డు పక్కన సర్కారు తుమ్మ కింద కూర్చొని చైను తెగ్గొట్టుకుంటా ఉన్నాను.

తిరిగొచ్చేటప్పుడు లెక్క వేసినాను. నాలుగు సైకిళ్లు, ఒక్కోటి 15 కిలోలనుకోండి, మొత్తం 60. ఒక మనిషంత బరువు. వ్యానుకు అదేం బరువు? మరి ఇంత నష్టం ఎందుకు జరిగింది? బరువు వల్ల కాదు, కదలడం వల్ల. నూట ఇరవై కిలోమీటర్లు ఒకదాన్నొకటి రుద్దుకుంటా, గుద్దుకుంటా పోయినాయి.

మా నాయన చెనిక్కాయ కట్టె బండికేసేటప్పుడు ఈ సంగతి నాకు ఎన్నిసార్లు చూపించినాడో. మోకు ఎంత గట్టిగా బిగించినా ఊరి పొలిమేర దాటినాక బండి ఆపేవాడు. కుదుపులకు కట్టె అణిగి ఉంటుంది, మోకు వదులయ్యి ఉంటుంది. మల్ల బిగించి అప్పుడు ముందుకు తోలేవాడు. నేనేమో ఐటీఐలో పన్నెండేండ్లు ఫిట్టరు ట్రేడు చెప్పి, ఇది మర్చిపోయి దుప్పట్లు పరిచినాను.

సరే, ఇంగ పని సంగతికి వస్తాను. వచ్చిన వారమే వ్యాన్లో సైకిళ్లు నిలబెట్టే ఏర్పాటు మొదలుపెట్టినాను. మొదలుపెట్టే ముందు నాకు నేనే ఒక నిబంధన పెట్టుకున్నాను. బండి ఒంటికి ఒక్క బెజ్జం కూడా కొత్తగా వేయకూడదు. ఈ పొద్దు మీకు చెప్పబోయేదంతా ఆ ఒక్క మాట నుంచి వచ్చిందే.

ఎందుకంటారా? వ్యాను నేల కింద ఏముందో పైనుంచి మీకు కనపడదు. పెట్రోలు టాంకు ఉంది, పెట్రోలు పైపు ఉంది, బ్రేకు పైపు ఉంది, వైర్లు ఉన్నాయి. డ్రిల్లు బిట్టుకు ఇవేవీ తెలియవు. నేను ఐటీఐలో ఉండగా ఒక పిల్లోడు బండి కిందికి దూరి చూడకుండానే పైనుంచి డ్రిల్లు దించినాడు. బ్రేకు పైపుకు వేలెడు దూరంలో ఆగింది. ఆగింది వాడి తెలివి వల్ల కాదు, కరెంటు పోయింది. (నవ్వులు) ఇంగొకటి తుప్పు. రేకు అంచు తెగినచోట రంగు ఉండదు, ఆన్నుంచే తినడం మొదలవుతుంది. మన దగ్గర వానలు తక్కువ కదా అనొద్దు, సైకిలు టైర్లతో లోపలికొచ్చే బురద, నీళ్లు చాలు.

చట్టం కూడా ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఆర్.సి.లో ఉన్న వివరాలు మారిపోయేటట్టు బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే తేల్చింది. అదే ఏడు వచ్చిన సవరణలో 182ఏ చేర్చినారు. ఒప్పుకోని మార్పు ఒక్కోదానికి ఐదు వేల జరిమానా, లేదంటే ఆరు నెలల దాకా జైలు, లేదంటే రెండూ. ఐదు సీట్ల బండిని రెండు సీట్ల బండిగా శాశ్వతంగా మార్చాలనుకునేవాళ్లు ముందే ఆర్టీవో ఆఫీసులో అర్జీ పెట్టి అనుమతి తీసుకొని, ఆర్.సి. మార్పించుకోవాలి. నాకు ఆ తిరుగుడు వద్దు. మా ఇంట్లోవాళ్లు కదిరికి పోవాలన్నా, పెండ్లికి పోవాలన్నా అదే బండి. ఇంటికి రాగానే అరగంటలో సీటు మల్ల బిగించేస్తాను. ఆర్.సి.లో ఏముందో బండిలో అదే ఉంటుంది. బాడుగకు సైకిళ్లు మోస్తానంటారా, అది వేరే పర్మిట్టు, ఆ దారి నాకొద్దు.

మరి బెజ్జం లేకుండా దేనికి బిగించాలి? సీటుకు బిగించినదానికే. కంపెనీవాళ్లు సీటు కోసం నేలలో మందం రేకు పెట్టి, దానికి నట్లు వెల్డింగు చేసిచ్చినారు. గుద్దుకున్నప్పుడు మనుషులతో సహా సీటు లేచిపోకుండా ఉండాలని చేసింది అది. అంతకంటే గట్టి చోటు బండిలో యాడ దొరుకుతుంది మనకు? సీటు తీస్తే ఆ బెజ్జాలు ఊరికే నోరు తెరుచుకొని ఉంటాయి. నా పని వాటిని ఆధారం చేసుకొని రెండు అడ్డపట్టీలు బిగించడం, అంతే. ఒకటి ముందు సీట్ల వెనక, ఇంగొకటి డిక్కీ తలుపు వైపు.

పట్టీకి నేను 40 మిల్లీల చదరపు పైపు తీసుకున్నాను, గోడ మందం 2 మిల్లీలు. ఈడ ఒక చిన్న మెలిక. చదరపు పైపు గుండా బోల్టు వేసి బిగిస్తే పైపు నొక్కుకుపోతుంది. పైనా కిందా గోడలు లోపలికి వంగుతాయి, బోల్టు బిగిసినట్టే ఉంటుంది, వారానికి వదులవుతుంది. అందుకని బోల్టు పోయే చోట పైపు లోపల, సరిగ్గా లోపలి ఎత్తంత పొడుగున్న చిన్న గొట్టం ముక్క పెట్టించండి. బిగించినప్పుడు బలం ఆ గొట్టం మీద పడుతుంది. వెల్డింగు అంగడిలో పది నిమిషాల పని, కానీ మీరు అడగకపోతే వాళ్లంతట వాళ్లు చేయరు.

బోల్టుల దగ్గర నేను చేసిన ఎదవ పని చెప్తాను. సీటు బోల్టులు పొట్టివి, నా పట్టీకి చాలలేదు. అంగడికి పోయి 10 మిల్లీల బోల్టులు పొడుగువి తెచ్చినాను. మూడు మరలు చేత్తోనే తిరిగినాయి, తర్వాత బిగుసుకుంది. దుమ్ముంటుందిలే అనుకొని స్పానరేసి లాగినాను. బిగుసుకుంది, కీచుమనింది, ఆ తర్వాత వెన్నలో తిరిగినట్టు తిరిగింది. మెకానిక్కులు చూడీ పోయిందంటారు కదా, అదే అయింది. అంగడి బోల్టు మర దూరం 1.5 మిల్లీలు, బండిలో నట్టుది 1.25. లావు ఒకటే, మర వేరు. ఇరవై ఏండ్లు పిల్లోళ్లకు చెప్పిన పాఠం ఇది, బోర్డు మీద బొమ్మ గీసి మరీ. (నవ్వులు) పన్నెండే కదా అంటున్నాడు మా అన్న. సరే, పన్నెండే. ట్యాపు వేసి మర సరిచేసేదానికి ఒక దినమంతా బండి కింద పడుకున్నాను.

కాబట్టి పాత సీటు బోల్టును చేతిలో పెట్టుకొనే అంగడికి పోండి. ఒక నట్టు అడిగి, దాంట్లో మీ బోల్టూ కొత్త బోల్టూ రెండూ చేత్తోనే మొదులు దాకా తిరగాలి. తల మీద 8.8 అని అచ్చు ఉండాలి. ఆ మొదటి 8 అంటే చదరపు మిల్లీమీటరుకు 800 న్యూటన్ల లాగుడు దాకా తెగదని. రెండో 8 అంటే అందులో ఎనభై శాతం దాకా సాగిపోదని. తల మీద ఏమీ రాయని బోల్టు గేటుకు బిగించుకోండి, బండికొద్దు. ఇంగ సీటు బెల్టు బోల్టుల జోలికి అసలు పోవద్దు. బండంతా మిల్లీమీటర్లే గానీ ఆ ఒక్కటి మాత్రం అంగుళాల లెక్క, 7/16. మిల్లీ బోల్టు దాంట్లో తోస్తే నా గతే.

గట్టితనం ఎందుకింత అంటారా? గంటకు 50 కిలోమీటర్ల మీద పోతా పోతా దేనికో గుద్దుకున్నారనుకోండి. ముందు భాగం నలిగి అర మీటరులో బండి ఆగిందనుకుందాము. లెక్క కడితే భూమి లాగుడుకు దాదాపు ఇరవై రెట్లు వస్తుంది. 15 కిలోల సైకిలు ఆ ఘడియలో 300 కిలోల మాదిరి ముందుకొస్తుంది. 25 కిలోల సోనామసూరి మూటలు పన్నెండు మీ వీపు మీదికి ఒకేసారి. దుప్పటి ఆపుతుందా దాన్ని? అందుకే ముందు పట్టీ మీదనే నిలువుగా ఇనప జాలీ ఒకటి పెట్టించినాను, సీట్ల వీపుల ఎత్తు దాకా.

సైకిలును పట్టుకునే భాగానికి వస్తాను, నాకు ఇష్టమైంది ఇదే. ముందు చక్రం తీసేస్తే సైకిలు దాదాపు అడుగు పొట్టిదవుతుంది. మామూలుగా ఐదడుగుల ముక్కాలు దాకా ఉండేది నాలుగడుగుల ముక్కాలుకు వస్తుంది. నా బండిలో సీటు వీపు నుంచి తలుపు దాకా ఐదున్నర అడుగులు, సరిపోయింది. ఇంగ ఫోర్కును, అంటే ముందు చక్రం ఇరుక్కునే రెండు కాళ్ల భాగాన్ని పట్టుకోవాలి. దానికని అమ్మే బిగింపులు ఉన్నాయి, తెప్పించుకోవచ్చు. నేను పాత హబ్బులు వాడినాను, చక్రం నడుమ పుల్లలన్నీ కలిసే ముక్కలు అవి. ఆలోచించండి, ఫోర్కు కాళ్ల మధ్య ఎంత ఎడం ఉండాలో హబ్బుకు తెలిసినట్టు ఎవరికి తెలుసు? క్విక్ రిలీజు సైకిళ్లకు, అంటే స్పానరు లేకుండా చిన్న మీట తిప్పి చక్రం తీసేవాటికి, ముందు ఎడం 100 మిల్లీలు. రిపేరు అంగట్లో చక్రం పాడై పడేసిన గేరు సైకిలు హబ్బులు ఉంటాయి. పుల్లలు కోసేసి తెచ్చుకోండి. పాలవాళ్ల సైకిలు హబ్బు మాత్రం తేవద్దు, దాని కొలత వేరు. ఏదైనా స్కేలు పెట్టి కొలిచి తీసుకోండి.

హబ్బు అల్యూమినియందైతే ఇనప పైపుకు వెల్డింగు అతకదు. ఒక పిల్లోడు అతికిస్తానని నన్ను గంట కూర్చోబెట్టి రెండు హబ్బులు కరిగించినాడు. యూ క్లాంపు వేసి బిగించండి, కింద రబ్బరు ముక్క పెట్టి. ఇప్పుడు ఫోర్కును దాని మీద దించి, క్విక్ రిలీజు మడిచేస్తే సైకిలు రోడ్డు మీద నిలబడినట్టే నిలబడుతుంది. త్రూ యాక్సిల్, అంటే ఫోర్కు బెజ్జాల గుండా దూర్చి బిగించే లావు ఇరుసు, ఉన్నవాళ్లకు ఇది కుదరదు. మీ యాక్సిల్ 12 మిల్లీలదా, 15దా చూసుకొని, అది దూరేంత లోపలి వెడల్పున్న గొట్టం ముక్క పట్టీకి వెల్డింగు చేయించుకోండి. పొడుగు 100, కొత్త కొండ సైకిళ్లకు 110.

నాలుగు సైకిళ్లూ ఒకే వైపు తలపెట్టి నిలబడితే హ్యాండిళ్లు కొట్లాడుకుంటాయి. కొండ సైకిలు హ్యాండిలు ముప్పై అంగుళాల దాకా ఉంటుంది, వ్యాను నేల వెడల్పు నాలుగడుగులు. బసులో సీట్లు చాలక ఎదురెదురుగా కూర్చుంటాము కదా, అట్ల. ఒకటి ముందు పట్టీకి, పక్కది తిప్పి వెనక పట్టీకి. ఒకదాని హ్యాండిలు పక్కన ఇంగొకదాని సీటు వస్తుంది. పట్టీ మీద బిగింపులు అడుగు ఎడంలో పెడితే నాలుగు పట్టినాయి. పొడుగువాళ్ల సీటు పైకప్పుకు తగులుతుంది, దించాల్సి వస్తుంది. దించే ముందు సీటు పోస్టు మీద ఇన్సులేషను టేపు చుట్టి గుర్తు పెట్టుకోండి. లేదంటే దిగినాక పది నిమిషాలు ఎక్కడం దిగడం, ఎక్కడం దిగడం.

నేలకు ప్లైవుడ్డు వేసినాను. 12 మిల్లీలది, నీళ్లకు తట్టుకునే రకం, దాని మీద ఐఎస్ 710 అని ముద్ర ఉంటుంది. కొలతకు ఫ్రిజ్జు అట్టపెట్టె విప్పి నేల మీద పరిచి, అంచులు కత్తిరించుకుంటా పోయినాను. అట్ట తప్పు కోస్తే టేపు అంటించుకోవచ్చు, ప్లైవుడ్డు తప్పు కోస్తే 8×4 షీటు పోతుంది. కోసిన అంచులకు ఎనామిలు పెయింటు రెండు చేతులు వేయండి. ప్లైవుడ్డు కింద పాత గోనె పట్టలు పరిచినాను, లొడలొడ శబ్దం ఆగిపోయింది. ప్లైవుడ్డును కూడా ఆ పట్టీలే అదిమి పట్టుకుంటాయి, దానికని వేరే స్క్రూ లేదు. ఇనుము, ప్లైవుడ్డు, బోల్టులు, వెల్డింగు కూలి అన్నీ కలిపి ఏడు వేలకు అటూ ఇటూ అయింది నాకు. కరిగిపోయిన హబ్బులు కాక.

వెనక చక్రాన్ని మాత్రం వదిలేయకూడదు, తోక ఆడిస్తుంది. పాత ట్యూబును పట్టీలుగా కోసి కట్టండి, మనూర్లో క్యారియర్ల మీద మూటలు కట్టేది దాంతోనే కదా. రబ్బరు సాగుతుంది కాబట్టి దాన్ని తోడుకు మాత్రమే వాడండి, అసలు బలం ఫోర్కు దగ్గరే ఉండాలి. మీటతో బిగించే రాట్చెట్ పట్టీలు వేసి ఫ్రేమును బిర్రుగా లాగొద్దు. ముఖ్యంగా కార్బను ఫ్రేములు. ఇనప ట్రంకు పెట్టెలు కట్టేదానికి చేసింది అది. అన్నీ అయినాక, అనంతపురం దాటి పది కిలోమీటర్లు పోయినాక ఒకసారి ఆపి అన్నీ పట్టుకొని ఊపి చూడండి. మా నాయన పొలిమేర దగ్గర ఆగినట్టు. మొదటి నాలుగైదు ప్రయాణాల్లో నాకు ప్రతిసారీ ఏదో ఒకటి వదులైంది.

ప్రశ్నలా? ఆ, చెప్పమ్మా.

(హైడ్రాలిక్ బ్రేకు సైకిలు ముందు చక్రం తీస్తే ఏమైనా జాగ్రత్త తీసుకోవాలా సార్?)

మంచి మాట అడిగినావు. చక్రం తీసినాక, డిస్కు లేనప్పుడు ఎవరైనా బ్రేకు పట్టినారనుకో, ప్యాడ్లు రెండూ దగ్గరికొచ్చి అతుక్కుంటాయి. మల్ల డిస్కు దూరదు. అట్ట ముక్క నాలుగు మడతలు పెట్టి ప్యాడ్ల మధ్య దోపేయి. తీసిన చక్రం డిస్కును చేత్తో పట్టుకోవద్దు, ఇప్పుడే బజ్జీ తిన్న చేత్తో అసలే వద్దు. చమురు అంటితే బ్రేకు అరుస్తుంది గానీ పట్టదు. ఇంగ గేరు సంగతి కూడా చెప్పేస్తా, మర్చిపోయినాను. ఎక్కించే ముందు వెనక అన్నిటికంటే పెద్ద పళ్ల చక్రం మీదికి చైను వేసేయండి. డిరైల్యూరు పుల్లల వైపు ముడుచుకొని ఉంటుంది, బయటికి పొడుచుకొని రాదు. గండికోటలో నాకు ఈ ఒక్కటి తెలిసి ఉంటే సూర్యోదయం చూసుందును.

(ఎండలో వ్యాన్లో పెట్టి పోతే టైర్లు పేలతాయా అన్నా?)

మంచి టైరు పేలదు. కానీ లెక్క చూడు. పొద్దున చల్లగా 27 డిగ్రీలప్పుడు 100 పీఎస్ఐ కొట్టినావు. ఏప్రిల్లో మూసిన బండి లోపల 60 డిగ్రీలు అయిందనుకో, గాలి 112 దాకా పోతుంది. టైరు మీద రాసిన గరిష్ఠానికి దగ్గరగా కొట్టుకుంటే దాటిపోతుంది. పాత ప్యాచీల జిగురు కూడా ఆ వేడికి మెత్తబడుతుంది. నేనైతే తక్కువ కొట్టుకొని పోయి, దిగినాక పంపు వేసుకుంటాను. ఎట్లాగూ పల్లేరు కాయలు గుచ్చుకొని పంపు వేయాల్సిందే కదా.

(పైకప్పు మీద క్యారియరు పెట్టుకుంటే ఇదంతా ఎందుకు?)

పెట్టుకోవచ్చు పెద్దాయనా, చాలామంది పెట్టుకుంటారు. గాలికి అడ్డం, పెట్రోలు జాస్తి తాగుతుంది, ఎక్కించేదానికి నడుము గట్టిగా ఉండాలి. పైన సైకిళ్లు ఉన్నాయని మర్చిపోయి పోర్టికోలోకి తోలినవాళ్లను నేను ఇద్దర్ని చూసినాను. ఇద్దరూ ఈ రూములోనే ఉన్నారు, పేర్లు చెప్పను. (నవ్వులు) డిక్కీకి వెనక తగిలించేవి కూడా ఉన్నాయి, నంబరు ప్లేటూ వెనక లైట్లూ మూసుకుపోకుండా చూసుకోవాలి.

మాటలతో ఎంతసేపని, బండి బయట వేపచెట్టు కింద ఉంది. సీటు బిగించే తెచ్చినాను, మీ ముందరే తీసి, పట్టీలు వేసి, నాలుగు సైకిళ్లు ఎక్కించి చూపిస్తాను. గడియారం పెట్టుకోండి, అరగంట దాటితే మధ్యాన్నం భోజనాలు నావి. ఒక్క మాట, మీలో ఎవరి దగ్గరైనా 14 నంబరు రింగు స్పానరు ఉందా? నాది ఇంట్లోనే పెట్టి వచ్చినాను.